క్యాంపు మార్తమ్మ

గిద్దలూరు రైల్వే గేటు దాటి పేటలోకి మలుపు తిరిగేచోట మార్తమ్మ కుట్టుమిషను ఉంటుంది. రేకుల వసారా, ఒక బల్ల, గోడకు తగిలించిన నాలుగైదు జాకెట్లు. ఆమెకు యాభై ఏళ్లు. చేతిపని శుభ్రం. మెడ దగ్గర ముడత పడిందనో, చంక దగ్గర పట్టిందనో జాకెట్ వెనక్కి తెచ్చినవాళ్లు ఇంతవరకు లేరు. అయినా ఆమెను టైలరు మార్తమ్మ అని ఎవరూ అనరు. క్యాంపు మార్తమ్మ అంటారు. క్యాంపులు ఆగిపోయి పన్నెండేళ్లయింది. పేరు మాత్రం ఆమెను వదల్లేదు.

బుధవారం వచ్చిందంటే ఆమెకు పని సాగదు. ఆ రోజు ఫెబీ వస్తుంది.

ఫెబీ ఆ పేటకు ప్రభుత్వ నర్సు. అంగన్‌వాడీ ముందు స్కూటీ ఆపేలోపలే ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకుని చేరతారు. ఒకామె కుర్చీ తుడిచి వేస్తుంది. ఒకామె మజ్జిగ కలిపి తెస్తుంది. ఫెబీ బీపీ మిషను చుట్టి "ఏం లేదులే పెద్దమ్మా, ఉప్పు తగ్గించు" అంటే చాలు, సగం జబ్బు నయమైనట్టు ముఖాలు వెలిగిపోతాయి. మార్తమ్మ తల ఎత్తకుండానే ఇదంతా చూస్తుంది. మిషను తొక్కుతూనే ఉంటుంది. కుట్టు మాత్రం వంకర పోతుంది, విప్పి మళ్లీ వేయాల్సి వస్తుంది.

"ఏం చెయ్యి మార్తమ్మా ఆమెది! సూది గుచ్చినట్టే తెలీదు" అంది ఒక బుధవారం కృష్ణవేణమ్మ, కొలతలివ్వడానికి వచ్చి.

"మంచి చెయ్యేలే" అని మార్తమ్మ టేపు బిగించి లాగింది.

"అబ్బ, ఊపిరాడకుండా పట్టినావేంది!"

మార్తమ్మ టేపు వదులు చేసింది. ఆ చెయ్యి గురించి తనకు తెలిసినంత ఈ పేటలో ఇంకెవరికీ తెలియదు. అది చెప్పాలని నాలుక దాకా వచ్చేది. చెబితే తన సంగతి కూడా చెప్పాలి. అందుకే మింగేసేది.

పదహారేళ్ల కిందట వాళ్లిద్దరూ ఒకేరోజు ఒకే పనిలో చేరారు. మార్కాపురంలో ఒక నర్సింగ్‌హోమ్ కొత్తగా తెరిచారు. ఊళ్లలో ఉచిత వైద్యశిబిరాలు పెట్టడానికి, ఆడవాళ్లను పోగుచేయడానికి చదువుకున్న ఆడమనుషులు కావాలన్నారు. మార్తమ్మ పదో తరగతి పాసైంది. అప్పటిదాకా భర్త కోటయ్యతో కలిసి పొగాకు కొట్టడానికి, మిరపకాయలు కోయడానికి కూలికి పోయేది. ఫెబీ అప్పుడే ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్ల, ఇరవై కూడా నిండలేదు. ఇద్దరికీ తెల్లకోటు ఇచ్చారు, మెడలో ఫొటో కార్డు వేశారు.

ఆ కోటు తొడుక్కున్న మొదటి వారం మార్తమ్మ జన్మలో మరిచిపోదు. ఏ ఇళ్లలోనైతే తాను పశువుల కొట్టం దగ్గర నిలబడి చేతులొగ్గి నీళ్లు తాగిందో, ఆ ఇళ్లలోనే కుర్చీ వేశారు. "కూర్చోమ్మా" అన్నారు. స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. ఆ కుర్చీ కోసమైనా ఆ పని చేసేదాన్ని అని ఆమె తర్వాత కోటయ్యతో ఒకసారి అంది.

పని తేలికే. నడుము నొప్పి, తెల్లబట్ట, ఎక్కువ రక్తస్రావం అన్న ఆడవాళ్లను క్యాంపుకు తేవాలి. అక్కడినుంచి మార్కాపురం తీసుకుపోవాలి. స్కానింగు తీస్తారు. తర్వాత గర్భసంచి తీసేస్తారు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఖర్చు లేదు, సర్కారే కడుతుంది. మార్తమ్మకు జీతం, ఆపైన ఒక్కో ఆపరేషనుకు ఇంత అని ఉండేది. మొదటి నెలలోనే నర్సింగ్‌హోమ్ మేనేజరు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక సంగతి నేర్పాడు.

"డాక్టరుగారు క్యాన్సర్ అనే మాట అనరు. అనకూడదు. మీరు అనండి. ఇంటికి పోయినాక, ఆడవాళ్లు ఆడవాళ్లు మాట్లాడుకునేటప్పుడు అనండి. ఇట్ల వదిలేస్తే క్యాన్సర్ కావచ్చక్కా, పిల్లలు దిక్కులేనివాళ్లయితారు అనండి. మంచికే కదా చెప్తున్నారు."

మార్తమ్మ చెప్పింది. బాగా చెప్పేది. ఆమె గొంతులో ఎదుటివాళ్లు నమ్మే గుణం ఏదో ఉండేది. ఫెబీ కూడా చెప్పింది. ఎనిమిది నెలలు చెప్పి, ఒక సోమవారం కోటు మడిచి మేనేజరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఎందుకని మార్తమ్మ అడిగితే "నాకు చేతకావటంలే అక్కా" అంది, అంతే. తర్వాత నర్సు చదువు చదివింది. ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. మార్తమ్మ నాలుగేళ్లు ఉంది. ఏదో విచారణ వస్తుందన్న పుకారుతో నర్సింగ్‌హోమ్ ఒక్కరాత్రిలో మూసేసి డాక్టరు హైదరాబాదు పోయేదాకా ఉంది.

ఫెబీ ద్వారా మార్కాపురం పోయి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు పదకొండుమంది. మార్తమ్మ ద్వారా పోయినవాళ్లు యాభై ఇద్దరు. అందులో సగంమందికి ముప్పై ఏళ్లు నిండలేదు. తప్పు ఒకటే, మాట ఒకటే. కానీ ఒకామె ముందే దిగి గట్టున నిలబడింది. ఇంకొకామె మునిగేదాకా ఉంది. గట్టున ఉన్నామెకు ఊరంతా కుర్చీ వేస్తోంది. ఈ లెక్క తలుచుకున్నప్పుడల్లా మార్తమ్మకు తన మీద కోపం రావాలి. ఫెబీ మీద వచ్చేది.

ఈ ఏడాది వేసవి అయిపోయి మొదటి వాన పడ్డాక, బుధవారం కాని ఒక రోజు, ఫెబీ నేరుగా మార్తమ్మ వసారాలోకి వచ్చింది. పన్నెండేళ్లలో అలా రావడం అదే మొదలు.

"అక్కా, నీతో పనుండాది."

"కుట్టాలా?" అంది మార్తమ్మ మిషను ఆపకుండా.

"కాదు. చిన్నవయసులో గర్భసంచి తీయించుకున్నోళ్లకు ఎముకలు గుల్లబారిపోతున్నాయి. మా డాక్టరమ్మ వాళ్లందర్నీ పరీక్ష చేస్తానంటాంది. మార్కాపురం కాగితాలు ఒక్కటీ లేవు. ఎవరెవరో నాకు తెలీదు. నీకు పేర్లన్నీ తెలుసు గదా."

మిషను ఆగింది. "నా దగ్గరికొచ్చిన ఆడోళ్ల పేర్లు నీకెందుకు?"

"మందులివ్వనీకి అక్కా. ఇంకెందుకు?"

"ఇచ్చి, అందరిళ్లల్లో మజ్జిగ తాగనీకి. నీ పదకొండుమంది చాలలేదా?"

ఫెబీ ముఖం పాలిపోయింది. "ఆలోచించక్కా" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కోటయ్య అన్నం తింటూ, "పేర్లిస్తే పోయేదేముందే? వాళ్లకు మేలే గదా" అన్నాడు.

"మేలు చేసేది నేనైతే నా పేరు. ఆమె అయితే ఆమె పేరు" అంది మార్తమ్మ. ఆ మాట బయటికొచ్చాక ఆమెకే సిగ్గేసింది. కానీ అప్పటికే మనసులో ఒకటి ఖాయమైంది. ఫెబీ కంటే ముందు తానే పోవాలి. తన వాళ్ల దగ్గరికి తానే పోయి ఎలా ఉన్నారని అడగాలి. వాళ్లు మన్నిస్తే తనను మన్నించాలి, ఫెబీ మందుబిళ్లల్ని కాదు.

మరుసటి ఆదివారం ఆమె చర్చి మాని కొమరోలు బస్సెక్కింది. దిగి ఆటోలో ఇంకో ఊరికి పోవాలి. అక్కడ ఓబులమ్మ ఉంది. ఆరెకరాల మెట్ట, బోరు కింద కాస్త మిరప ఉన్న రైతు ఇల్లు వాళ్లది. ఓబులమ్మకు ఆపరేషన్ అయినప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. మిగతావాళ్లందరికంటే ఆమెను ఒప్పించడానికి ఎక్కువ తిరగాల్సి వచ్చింది. అందుకే మొదట ఆమె దగ్గరికే బయలుదేరింది.

ఓబులమ్మ వాకిట్లో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ ఉంది. మార్తమ్మను గుర్తుపట్టి లేవబోయింది. లేవడమంటే ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, మూడుసార్లు ఊగి, గోడ పట్టుకుని లేవడం. లేచినా నడుము నిటారుగా రాలేదు. ఇంకా నలభై అయిదు ఏళ్లే. మార్తమ్మ అది చూసి తల తిప్పుకుంది.

"యెవరూ, మార్తమ్మక్కా! ఎన్నేండ్లాయె నిన్ను చూసి! సంధ్యా, కుర్చీ తేమ్మా. మజ్జిగ తే."

కోడలు సంధ్యారాణి కుర్చీ తెచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఒక పిల్లవాడు. మార్తమ్మ కుర్చీలో కూర్చుంది. అంతలో కిటికీ మీద వరుసగా పేర్చిన బిళ్లల అట్టలు కనబడ్డాయి.

"ఏంది ఓబులమ్మా అవి?"

"ఎముకల బిళ్లలు. ఫెబీ మేడం ఇస్తది. నెలకోతూరి ఆదివారం ప్రార్థన అయినాక వస్తది. నాలుగేండ్లాయె. ఈ పక్కనూర్లో ఇంకో ముగ్గురికి గూడ ఇస్తది."

ఈ ఊరు ఫెబీ డ్యూటీలోది కాదు. ఆ పక్కనూరికి అప్పట్లో తిరిగింది మార్తమ్మే. ఆ ముగ్గురూ ఫెబీ వాళ్లు కారు, మార్తమ్మ వాళ్లు. పేర్లు తెలియవన్న మనిషి, తెలిసినంతమందిని వెతుక్కుని, ఎవరికీ చెప్పకుండా, నాలుగేళ్లుగా వస్తోందన్నమాట. మార్తమ్మ సగం తాగిన మజ్జిగ గ్లాసు ఒళ్లోకి దించుకుంది. ఇక్కడ కూడా ఆమే. తాను పన్నెండేళ్లకు ధైర్యం చేసి వచ్చేసరికి, ఇక్కడ కూడా ఆమె ముందే కూర్చుని ఉంది.

ఓబులమ్మ గొంతు తగ్గించింది. "ఏం చెప్పినా మార్తమ్మక్కా, మేడం మంచిదే గానీ నీ మాదిరి గట్టిగ చెప్పదు. సమయానికొచ్చినావు నువ్వు. మా సంధ్యకు ఆర్నెల్లుగా పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట. ఊర్లో మందులిచ్చే ఆయన గర్భసంచి తీసేయాలన్నాడు. చీటీ గూడ రాసిచ్చినాడు. మేడమేమో ఒకసారి సర్కారు ఆస్పత్రిలో చూపిచ్చండి అని గొణుగుతది. ఈ పిల్లేమో భయపడతాంది. నువ్వు చెప్పక్కా. ఆ రోజు నువ్వు గట్టిగ చెప్పబట్టే గదా నేను పోయినా, బతికినా. నన్ను తీసకపోయినట్టే దీన్ని గూడ నువ్వే తీసకపో."

మార్తమ్మ ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట అది. నీ వల్ల బతికినాను అని. అదీ ఫెబీ కంటే నువ్వు మేలని. ఒక్క క్షణం ఆ మాట ఆమె ఒంట్లోకి వేడిపాలలా దిగింది. ఊరికే తల ఊపితే చాలు, ఈ ఇంట్లో ఎప్పటికీ తనదే పెద్దపీట.

సంధ్యారాణి గడపకు ఆనుకుని, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని, తన నోటివంకే చూస్తోంది. ఈ నోటి నుంచి ఏం వస్తే అదే చేయడానికి సిద్ధంగా ఉన్న చూపు. ఆ చూపు మార్తమ్మ యాభై రెండుసార్లు చూసింది.

"వద్దు ఓబులమ్మా" అంది. "తీపియ్యొద్దు."

"అదేందక్కా?"

"నీకు గూడ అక్కర్లేకపోయె."

ఓబులమ్మకు అర్థం కాలేదు. మార్తమ్మ గ్లాసు కింద పెట్టింది. చెప్పడం మొదలుపెడితే ఆపలేకపోయింది.

"నీకున్న నొప్పే అప్పుడు నాకూ ఉండె. నీకున్న తెల్లబట్టే నాకూ ఉండె. అదే డాక్టరుకు చూపిచ్చుకున్యా. ఆయన నాకు స్కానింగ్ తీయలే. 'నీకెందుకులే మార్తమ్మా, ఇది ఉత్త ఇన్ఫెక్షను' అని నవ్వి పదిరోజుల బిళ్లలు రాసిచ్చినాడు. తగ్గిపోయింది. నా గర్భసంచి నాకట్లే ఉండాది. అది జరిగినాకనే నీ ఇంటికొచ్చినా. తెలిసే వచ్చినా."

"మరి క్యాన్సర్ అని డాక్టరు..."

"డాక్టరు అనలే. ఒకసారి గుర్తు తెచ్చుకో. ఆ మాట అనింది నేను. ఇదే వాకిట్లో."

ఓబులమ్మ కాయల కుప్ప దగ్గర కూలబడి రెండు కాయలు ఒలిచింది. "నాకు ఆడపిల్ల కావాలని ఉండె" అంది చివరికి. గొంతు పెంచలేదు. "మా ఆయన గూడ ఇంకో బిడ్డను చూద్దామనె. పిల్లలు దిక్కులేనోళ్లయితారని నువ్వు చెప్పినాక నేనే పట్టుబట్టి పోయినా."

మార్తమ్మ కాళ్ల దగ్గర పడ్డ కాయ ఒకటి తీసి కుప్పలో వేసింది.

"ఫెబీ మేడానికి తెలుసునా ఇది?"

ఈ ప్రశ్న దగ్గర మార్తమ్మ కొంచెం ఆగి ఉండొచ్చు. ఆమెనే అడుగు అని ఉండొచ్చు. ఆగలేదు.

"తెలుసు" అంది. "ఆమె గూడ నాతోబాటు అదే పని చేసింది."

అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట అన్నప్పుడు తన నోట్లో ఏదో తీపి తగిలిందనీ, మిగిలినదంతా నిజం కోసం చెప్పినా ఆ ఒక్కటి మాత్రం ఫెబీని ఆ ఇంట్లో కుర్చీ దింపడానికే చెప్పాననీ మార్తమ్మకు తెలుసు. ఇంకెవరికీ తెలియకపోయినా.

ఓబులమ్మ గోడ పట్టుకుని లేచింది. గ్లాసులో మిగిలిన మజ్జిగ వాకిట్లో పారబోసింది. "పో మార్తమ్మా. మా ఆయన చేనునుంచి రాకముందే పో" అంది.

తర్వాతి ఆదివారం సాయంత్రం ఫెబీ వచ్చింది. స్కూటీ స్టాండు కూడా సరిగ్గా వేయలేదు, అది గోడకు ఒరిగింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఓబులమ్మ నన్ను గడప ఎక్కనీలేదక్కా. బిళ్లలు నా ముఖాన విసిరికొట్టింది. 'తెలిసి నాలుగేండ్లు ఎట్ల చెప్పకుండా ఉన్నావు, నీకంటే ఆమే నయం' అనింది."

'నీకంటే ఆమే నయం.' మార్తమ్మ ఈ మాటకు సంబరపడాలి. కొంచెం పడింది కూడా. కానీ ఎదురుగా బల్ల మీద కూర్చుని చున్నీతో ముక్కు తుడుచుకుంటున్న మనిషిని చూస్తే, ఇరవై కూడా నిండకుండా తెల్లకోటులో మునిగిపోయినట్టుండే ఆ పిల్లే కనబడింది. సంబరం ఎంతోసేపు నిలవలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలనుకున్నానో" అంది ఫెబీ. "బిళ్లలిస్తే చాల్లే, చెబితే ఇంక తీసుకోరు అనుకుంటా. అట్ల నాకు నేనే చెప్పుకుంటా. నీకెట్ల నోరొచ్చిందక్కా?"

మార్తమ్మ అబద్ధమాడి ఉండొచ్చు. దేవుడు పలికించినాడని అని ఉండొచ్చు. పేటలో అలాంటి సాక్ష్యాలకు మంచి గౌరవం ఉంది.

"నీ మీద కుళ్లుతో పోయినా ఫెబీ" అంది. "నీకంటే ముందు మంచిదాన్ని అనిపించుకోవాలని పోయినా. ఆడ ఆ పిల్ల సంధ్య లేకుండా ఉంటే చెప్పేదాన్నో లేదో నాకే తెలీదు. నీ సంగతి చెప్పింది మాత్రం ఒట్టి కుళ్లుతోనే."

ఫెబీ ఆమెవైపు చూసింది. ఏడుపు మధ్యలోంచే ఆమెకు నవ్వొచ్చింది. "నా మీద కుళ్లేందక్కా నీకు? నెలకు రెండుసార్లు పైఆఫీసరుతో తిట్లు తినేదాన్ని."

"కుర్చీ ఏస్తారు గదా" అంది మార్తమ్మ.

ఆ రోజు ఇద్దరూ కూర్చుని పేర్లు రాశారు. మార్తమ్మ చెప్పింది, ఫెబీ రాసింది. యాభై ఇద్దరి పేర్లూ ఊర్లతో సహా తడుముకోకుండా చెబుతుంటే ఫెబీ మధ్యలో రెండుసార్లు పెన్ను పక్కన పెట్టింది. ఒక ఒప్పందం చేసుకున్నారు. మందులతో ఫెబీ పోకముందే, ఆ మనిషిని తీసుకుపోయినవాళ్లు పోయి నిజం చెప్పాలి. ఫెబీ వాళ్లకు ఫెబీ. మార్తమ్మ వాళ్లకు మార్తమ్మ.

సంధ్యారాణిని మార్కాపురం సర్కారు ఆస్పత్రిలో చూపించారు. ఇన్ఫెక్షనే. మొగుడికీ పెళ్లానికీ కలిపి పదిహేను రోజుల మందులిచ్చారు. నెల తిరిగేసరికి నొప్పి లేదు. ఆ సంగతి సంధ్యారాణి ఫోన్ చేసి చెప్పింది ఫెబీకి. మార్తమ్మకు కాదు. ఇంకో నెలకు ఓబులమ్మ ఫెబీని ఇంట్లోకి రానిచ్చింది, బిళ్లలు కూడా తీసుకుంది. మార్తమ్మ పేరెత్తితే మాత్రం ఇప్పటికీ పక్కకు తిరిగి ఉమ్ముతుందట. ఫెబీ ఇది దాచకుండా చెప్పింది. "ఎంతైనా నువ్వు మేడమువి" అంది మార్తమ్మ. మిషను చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పితే దారం తెగింది.

ఫెబీ పదకొండు ఇళ్లూ దసరాలోపలే అయిపోయాయి. ఇద్దరు తిట్టారు, ఒకామె కౌగిలించుకుని ఏడ్చింది, మిగతావాళ్లు మందులడిగారు. మార్తమ్మకు ఇప్పటికి పంతొమ్మిది అయ్యాయి. ఒక ఊళ్లో ఒకామె కొడుకు చొక్కా చేతులు పైకి మడుచుకుని మీదికి వచ్చాడు. ఇంకో ఊళ్లో నాగరత్నమ్మ అనే ముసలామె, చనిపోయిన కూతురి ఫొటో తెచ్చి మార్తమ్మ ఒళ్లో పెట్టి, ఎదురుగా కూర్చుంది. మార్తమ్మ మార్కాపురం తీసుకుపోయిన ఆ కూతురు తర్వాత వేరే జబ్బుతో పోయింది, ఆపరేషన్‌తో కాదు. అయినా మార్తమ్మ ఆ ఇంట్లోంచి లేవడానికి గంట పట్టింది. ఒకచోట మాత్రం ఒకామె అంతా విని, "పోనీలే, చెప్పనీకొచ్చినావు. అన్నం తిని పో" అంది. మార్తమ్మ తిన్నది. ఏం కూరో గుర్తులేదు.

"మిగిలినోళ్ల దగ్గరికి నేనూ వస్తానక్కా" అంది ఫెబీ పోయిన బుధవారం, అంగన్‌వాడీ నుంచి మజ్జిగ గ్లాసుతో నడిచి వచ్చి. "నాకు అయిపోయినాయి గదా. నీకు తోడుగా ఉంటా."

మార్తమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. అయిపోయినాయి అన్నమాట ఎంత సులువుగా అంది! పదకొండు ఎక్కడ, యాభై రెండు ఎక్కడ!

"వద్దు" అంది. "నువ్వొస్తే అందరూ నీతోనే మాట్లాడతారు."

సగం పరాచికం, సగం నిజం. ఫెబీకి ఏ సగం వినబడిందో గానీ, నవ్వి గ్లాసు ఆమె చేతిలో పెట్టి పోయింది.

ఆదివారం పొద్దున మార్తమ్మ పామూరు వైపు పోయే బస్సు పట్టుకోవడానికి స్టాండుకు పోయింది. జాబితాలో ఇరవయ్యో మనిషి మల్లి. ఆమె అప్పట్లో కొమరోలు దగ్గర ఉండేది, ఇప్పుడు పెనిమిటితో అటువైపు పోయి స్థిరపడిందని తెలిసింది. ఇంటి గుర్తులు సరిగా తెలియవు, పోయి అడగాలి. కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరు వచ్చి "యాడికమ్మా?" అన్నాడు. ఆమె మల్లి ఊరి పేరు చెప్పి, చిల్లర తీసి ఇచ్చింది.